మాడుకు పెట్టకూడని నూనె

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల సందులో డిసెంబరు వచ్చిందని క్యాలెండరు చూసి తెలుసుకోనక్కర్లేదు. ఇద్దరు పట్టే గదిలో ఐదు మంచాలు వేసి కిరాయి గుంజే పుణ్యాత్ములున్న చోట, ఒకరికి జలుబు చేస్తే మూడోనాటికి అంతస్తంతా తుమ్ముతుంది. పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు చున్నీలు ముక్కుకు చుట్టుకొని నా జిరాక్సు దుకాణానికి వస్తారు. కాగితాలు నాకిచ్చి, పక్కనే ఉన్న కనకమ్మ బల్ల దగ్గరికి పోతారు.

కనకమ్మది పోచంపల్లి దగ్గరి ఊరు. ముప్పయ్యేళ్లు నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచే పని చేసింది. చూపు మసకబారి, ముళ్లు దారి తప్పడం మొదలయ్యాక భర్త వెంకటనర్సయ్యతో కలిసి మీర్‌పేటకు వచ్చేసింది. ఆయన ఒక బట్టల దుకాణంలో చీరలు మడత పెడతాడు. ఈమె చలికాలం నూనెలు అమ్ముతుంది. మిగతా కాలమంతా పిన్నులు, రబ్బరు బ్యాండ్లు.

ఆమె బల్ల మీద నీలగిరి తైలం, లవంగ నూనె, ఇల్లు తుడిచే నీళ్లలో వేసుకునే నిమ్మగడ్డి నూనె ఉంటాయి. అసలు గిరాకీ మాత్రం ఆమె సొంతంగా కలిపే దానికే. ముద్ద కర్పూరం, వాము పువ్వు, పుదీనా పువ్వు. మూడూ పొడి సరుకులే. ఒకే సీసాలో వేసి ఊపుతుంటే మూడూ కలిసి నీళ్లలా కరిగిపోతాయి. దానికి నీలగిరి తైలం చేరుస్తుంది. వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి ఆవిరి పడితే మూసుకున్న ముక్కు తెరుచుకుంటుంది.

సీసాల మీద అంటించడానికి 'క్రిములను చంపును' అని అచ్చు వేసిస్తానన్నాను ఒకసారి.

"అవి చచ్చినయని నువ్వు చూసినవా?" అంది.

"చూడలేదు పెద్దమ్మా."

"మరి ముక్కు తెరుసుకుంటదని రాయి. గంతవరకు నాకెరుక."

నాకు రోషం వచ్చి దొరికినంత చదివాను. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో ఈ నూనెలకు కొన్ని క్రిములు చస్తాయట. మనిషి ముక్కులోనూ అలాగే చస్తాయని గట్టిగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు. ఇదే నూనెను అందమైన పెట్టెలో పెట్టి పెద్ద దుకాణాల్లో 'రక్షణ కవచం' అని అమ్మేవాళ్లకు ఈ అనుమానం రాలేదు. బడి ముఖం చూడని మనిషికి వచ్చింది.

సీసా చేతికిచ్చే ముందు ఆమె రెండు ప్రశ్నలు అడిగి తీరుతుంది. ఎవరికి? ఎంత వయసు? రెండేళ్ల లోపు పిల్లలకంటే ఇవ్వదు. ఎంత బతిమాలినా ఇవ్వదు.

"ఆధార్ కార్డు కూడా తేవాల్నా ఆంటీ?" అంది ఒక పొద్దున ఇందు అనే హాస్టల్ పిల్ల.

"నీకొద్దులే బిడ్డా. నాలుగుసార్లు పరీక్ష రాసినవంటే నీ వయసు నాకు తెల్వదా?"

పిల్లలంతా నవ్వారు. ఆ గోలలోనే స్కూటర్ దిగకుండా ఒకతను సీసా అడిగాడు. కనకమ్మ అడగాల్సింది అడిగింది.

"మా అమ్మకండీ, జలుబు," అన్నాడు.

అబద్ధం కాదు, సగం నిజం. డబ్బులిచ్చి, సీసా జేబులో వేసుకొని, ఫోను చెవికి పెట్టుకున్నాడు. "దొరికిందమ్మా. రైతుబజార్ దగ్గర సాంబ్రాణి కూడా తెస్తాను. వనస్థలిపురం ఎంతసేపు, అరగంట. బాబుకి నీళ్లు పోసే ఆవిడ వచ్చేసిందా? సరే, మాడుకి పెట్టే ఆముదంలో నాలుగు చుక్కలు కలుపుదువుగాని."

స్కూటర్ కదిలాక కనకమ్మ చేతిలోని సీసాలు బల్ల మీద పెట్టింది. "ఆముదంల కలుపుతరట. విన్నవా నరేష్?"

విన్నాను. పసిపిల్లలకు స్నానం కాగానే మాడు మీద ఆముదం అద్దడం మన ఇళ్లలో మామూలే. అందులో ఈ నూనె పడితే, కర్పూరం ఆ పలచని చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. పసివాళ్లకు ఫిట్స్ వస్తాయి, ఊపిరి ఆగినా ఆగుతుంది. ఇది నేను చదివి తెలుసుకున్నది. ఆమె చదివింది కాదు.

"బండి తియ్యి," అంది.

"అంత పెద్ద కాలనీలో ఎవరని వెతుకుతాం? పేరు కూడా తెలియదు."

"పేరుతోని ఏం పని? తియ్యి."

బల్ల చూస్తుండమని ఇందుతో చెప్పి నా బండెక్కింది. కొత్తపేట దాటి ఎల్బీనగర్ కూడలిలో ఇరుక్కున్నాం. ఎర్రలైటు దగ్గర నా వీపు మీద రెండుసార్లు గుద్దింది, లైటుకు నేనే బాధ్యుణ్ణన్నట్టు.

రైతుబజార్ దగ్గర అతను కనబడలేదు. సాంబ్రాణి అమ్మేవాణ్ణి అడిగితే, పొద్దున్నుంచి యాభైమంది కొన్నారన్నాడు. నేను వెనక్కి పోదామనుకుంటున్నాను. కనకమ్మ కూరలమ్మే ఆమె దగ్గర కూర్చుంది.

"అక్కా, గీడ పసిపిల్లలకు నీళ్లు పోసే ఆమె ఎవరున్నరు?"

"బాలమణి ఉంటది. ఏ, నీకు మనమడు పుట్టిండా?"

"ఫోన్ నంబరియ్యి."

బాలమణి మూడోసారికి ఎత్తింది. చేతులు తడిగా ఉన్నాయని విసుక్కుంది. నలభై రోజుల పిల్లాడికి అప్పుడే నీళ్లు పోసి, కాళ్ల మీద పడుకోబెట్టుకొని తుడుస్తోందట.

"మాడుకు నూనె పెట్టిన్రా?"

"లే. నాయనమ్మ ఇప్పుడే కలుపుతున్నది. కొడుకు ఏదో సీసా తెచ్చిండు."

"పెట్టనియ్యకు. పానం మీదికొస్తది."

"నేనెట్ల ఆపుత అమ్మా? నీళ్లు పోసేదాన్ని నేను."

"ఆపకు. పిలగాన్ని నీ ఒడిలకెళ్లి దించకు, చాలు. ఇల్లు యాడ?"

మేం వెళ్లేసరికి బాలమణి పెరట్లో పీట మీద అలాగే ఉంది. పిల్లాణ్ణి తువ్వాలులో చుట్టి, గుండెకు హత్తుకొని, తడిచీరతో వణుకుతోంది. గిన్నె పట్టుకొని నిలబడ్డ పెద్దామె పేరు సూర్యప్రభ. స్కూటరతను ఆమె కొడుకు మురళీకృష్ణ. గుమ్మంలో బాలింత కోడలు తేజస్విని.

"మీరేంటండీ ఇక్కడ? అమ్మా, సీసా అమ్మింది ఈవిడే," అన్నాడు మురళీకృష్ణ.

కనకమ్మ అతని వైపు చూడలేదు. "అమ్మా, ఆ నూనె పిలగానికి పెట్టొద్దు."

"ఇదేం విడ్డూరం? అమ్మిందీ నువ్వే, వద్దనేదీ నువ్వేనా?" అంది సూర్యప్రభ. ఆమె గొంతు జలుబుతో పూడుకుపోయి ఉంది. "ముగ్గుర్ని పెంచానమ్మా ఈ చేతుల్తో. రోడ్డు మీద నూనెలమ్ముకునే నువ్వొచ్చి నేర్పుతావా నాకు?"

"నేర్పుత లేను. నేను చేసింది చెప్తున్న. నా కొడుకు మహేష్ అప్పుడు మూడు నెలలోడు. జలుబైందని ఛాతికి కర్పూరం నూనె రాసిన. కండ్లు తేలేసిండు. పట్నం దవాఖానకొచ్చేదాంక మూడుసార్లు కొట్టుకున్నడు. వాడు బతికిండు. రాసిన చెయ్యి మాత్రం నాదే."

"అందరికీ అలాగే అవుతుందా ఏంటి?"

"కాకపోవచ్చు. మీ ముక్కు కింద ఒక్క చుక్క పెట్టుకోండ్రి. ఐదు నిమిషాలు తుడువొద్దు. మీరోర్సుకుంటే వానికి పెట్టుండ్రి."

సూర్యప్రభ పంతం గల మనిషి. సీసా మూత తీసి, వేలికి అద్దుకొని, రాసుకుంది. నిమిషం తిరక్కుండానే కళ్లు ధారలు కట్టాయి. పెదవి బిగబట్టి నిలబడింది. ఇంకో నిమిషానికి ఊపిరి అందక నోరు తెరిచింది. కొడుకు తువ్వాలు అందించబోతే చెయ్యి విదిల్చింది. చివరికి తనే కొంగుతో తుడుచుకొని, గిన్నెలోదంతా తూములో పోసింది.

"తేజా, కొత్త ఆముదం తీసుకురా," అంది, ఎవరి ముఖమూ చూడకుండా.

కనకమ్మ సీసా తన చేతిలోకి తీసుకుంది గాని, కదల్లేదు. "వాడు పాలు తాగుతున్నడా?"

సూర్యప్రభ జవాబు చెప్పబోయింది. అప్పటిదాకా నోరు విప్పని తేజస్విని ముందే అంది: "నిన్నట్నుంచి సగం కూడా తాగట్లేదండీ. ఎగపోస్తున్నాడు."

"ఇది నూనెలతోని పోయేది కాదు బిడ్డా. ఇప్పుడే దవాఖానకు తోల్కపోండ్రి." తర్వాత సూర్యప్రభ వైపు తిరిగింది. "జలుబు మీ కాడికెళ్లే అంటినట్టుంది. మూతికి బట్ట కట్టుకొని, చేతులు సబ్బుతోని కడుక్కొని ఎత్తుకోండ్రి. ముద్దులు బందు."

మురళీకృష్ణ ఆటో తెచ్చాడు. బాలమణి పిల్లాణ్ణి తేజస్విని చేతుల్లో పెట్టి, తిమ్మిరెక్కిన కాళ్లు రుద్దుకుంటూ లేచింది. ఆటో ఎక్కబోతూ సూర్యప్రభ ఆగింది. ముక్కుకు పైటకొంగు అడ్డం కట్టుకొని ఉంది.

"ఆ సీసా నాకైనా ఉంచమ్మా. ఆవిరి పట్టుకుంటాను."

"ఉత్త వేడినీళ్ల ఆవిరి పట్టుకోండ్రి. పసిపిలగాడున్నంక ఇది ఇంట్లనే ఉండొద్దు," అంది కనకమ్మ, మూత బిగిస్తూ.