వీడియోలో మిగిలిన చెయ్యి

సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళు "విదేశాల్లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆడిన మన ఖమ్మం ఆడబిడ్డ" అంటారు. వెతికినా అందులో అబద్ధం దొరకదు. థాయిలాండ్ విదేశమే. జీతమిచ్చారు కాబట్టి ప్రొఫెషనల్‌నే. ఆడబిడ్డనన్నది మా అమ్మే చెప్పింది. "ఆడిన" అన్న మాట దగ్గర మాత్రం నేను చెప్పుల వైపు చూసుకుంటాను. ఒకటిన్నర సీజన్లో నేను ఎక్కువగా చేసింది కూర్చోవడం. ఆ దేశపు బెంచీల గురించి పుస్తకం రాయమంటే రాస్తాను. బుట్టలో వేసిన బంతుల గురించైతే పేజీ కూడా నిండదు.

బెంచీ మీద కూర్చున్నందుకు నాకు పెద్ద సిగ్గు లేదు. ఆ బెంచీ దాకా ఎలా వెళ్ళానన్నదే నా బాధ. పోయిన ఏడాది పర్ణశాల దగ్గరి ఆశ్రమ పాఠశాలకు బస్సెక్కింది ఆ సంగతి ఒకరికి చెప్పేద్దామనే.

మా నాన్న పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. క్వార్టర్ల వెనక ఒక సిమెంటు కోర్టు ఉండేది. దానిమీద రోజూ పలచగా ప్లాంటు బొగ్గు బూడిద పడేది. ఆటకు ముందు చీపుర్లు పట్టేవాళ్ళం, ఆట అయ్యాక మా అరచేతులు విభూతి పూసినట్టుండేవి. చర్చికి పోయేవాళ్ళం కాబట్టి అమ్మ వాటిని రెండుసార్లు కడిగించేది. ఇంటర్‌కు వచ్చేసరికి నేనెంత పొడుగయ్యానంటే, ప్రార్థనలో నా వెనక కూర్చున్నవాళ్ళకు పాస్టరు గారు కనిపించడం మానేశారు. ఆ పొడుగే నన్ను కోర్టుకు చేర్చింది.

జట్టులో నా స్నేహితురాలిది పర్ణశాల అవతల అడవంచు ఊరు. ఇంట్లో కోయ, పాల్వంచ హాస్టల్లో తెలుగు, కోర్టులో దాదాపు మౌనం. నా భుజం దాకా కూడా రాదు. కానీ నేను చెయ్యి ఎత్తే చోటికి నాకన్నా ముందు బంతి వచ్చి ఉండేది. నేను చెయ్యాల్సిందల్లా దాన్ని పైకి తోయడం. మాకు ఆట నేర్పిన సారు రిటైరైన ఫిట్టర్. ఆయన అనేవాడు: "దానికి చెవుల పక్క గూడ కండ్లున్నయే. నీకు నెత్తి మీదికెక్కినయ్." అప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను.

డిగ్రీ చివరి ఏడాది, హైదరాబాద్‌లో ఒక మ్యాచ్ దగ్గర ఒక పెద్దాయన చెప్పాడు, బయటి దేశాల క్లబ్బులు పొడుగు అమ్మాయిల కోసం చూస్తున్నాయనీ, మంచి వీడియో ఒకటి పంపితే పిలవొచ్చనీ. మా మ్యాచ్‌లన్నీ తీసింది బస్టాండు పక్కన పెళ్ళి వీడియోల దుకాణం భాయి. రెండు పూటలు ఆయన పక్కన కూర్చుని నా బుట్టలన్నీ ఏరించాను. ప్రతిదాంట్లోనూ ముందు ఆమె కనిపించేది. నలుగురి మధ్యలోంచి దూరేది, ఎటో చూస్తూ ఇటు ఇచ్చేది. చివర్లో నేను ఎగిరేదాన్ని. చూస్తూ ఉంటే నాకే అనిపించింది, ఇది నా వీడియో కాదు, ఆమెదని.

"ఈ పొట్టి పిల్లను ఉంచాల్నా?" అని అడిగాడు భాయి.

"కోసెయ్యి భాయ్. బాల్ నా చేతికొచ్చిన కాడికెళ్ళి పెట్టు."

ఆయనకు అదేం కొత్త కాదు. అలిగి పోయిన బావల్ని, పడని పెదనాయనల్ని పెళ్ళి వీడియోల్లోంచి ఎందరినో మాయం చేసినవాడు. అన్నిచోట్లా ఆమెను కోసేశాడు. ఒక్కచోట ఆగిపోయాడు. ఫ్రేము అంచున నల్లదారం కట్టిన చెయ్యి ఒకటి, మణికట్టు దాకా, బంతిని వదులుతూ ఉంది.

"గీ చెయ్యి పోతలేదమ్మా. తీస్తే బాల్ గాల్లకెళ్ళి ఊడిపడ్డట్టుంటది."

"ఉండనియ్. ఒక్క చెయ్యే కద," అన్నాను.

చివర్లో అలవాటు కొద్దీ రెండు పావురాలను కూడా ఎగరేశాడు. తీసెయ్యమంటే ఆ పని ఫ్రీ అన్నాడు. ఫ్రీ అన్నాక నేనూ వదిలేశాను.

వీడియో పంపిన నెల తిరక్కుండా థాయిలాండ్ క్లబ్బు నుంచి జవాబొచ్చింది. నన్ను రమ్మన్నారు. అడుగున ఇంకో వాక్యం ఉంది: ఫలానా చోట కనిపించే ఆ చెయ్యి ఎవరిది, ఆ పాస్ ఇచ్చినామె ఇంకా ఆడుతోందా, ఆమె వీడియో కూడా పంపగలవా. ఇంత వీడియోలో వాళ్ళకు కావలసింది ఆ ఇంత చెయ్యే. తెలిసినవాళ్ళ కంటికి అదే ఆనిందన్నమాట.

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచించానని గొప్పగా అంటున్నాను గానీ, భయపడ్డాను. ఆమె వీడియో చూస్తే ఇక నేనెందుకనుకుంటారేమోనని. మూడోరోజు రాశాను: "ఆమె మా జూనియర్. ఆట మానేసింది." రెండూ అబద్ధాలే. మా ఇద్దరిదీ ఒకటే క్లాసు, ఆ సాయంత్రం కూడా ఆమె కోర్టు ఊడుస్తూ నాకోసం చూస్తూ ఉంది. పాసులన్నీ ఆమెవి, పాస్‌పోర్టు మాత్రం నాది.

నేను వెళ్ళే రోజు బస్సు దాకా వచ్చింది. ఇప్పపూల లడ్డూలు డబ్బాలో పెట్టి తెచ్చింది. "ఆడికి పోయినంక నా గురించి గూడ ఒక మాట చెప్పరాదే," అంది.

"చెప్తగా," అన్నాను. ఆ ఒక్క మాటా అప్పటికే చెప్పేసి ఉన్నాను.

అక్కడి కోచ్‌కు నా సంగతి మొదటి వారంలోనే తెలిసిపోయింది. బంతి నా చేతికొస్తే వేస్తాను. రాకపోతే దీపస్తంభంలా నిలబడతాను. దాన్ని తెచ్చుకోవడం నాకు రాదు, ఇన్నేళ్ళూ అవసరం పడలేదు. దుబాసీ అమ్మాయి ఆయన మాటను జాగ్రత్తగా మోసుకొచ్చింది: "సారు అడుగుతున్నారు, వీడియోలో నీకు బంతి ఇచ్చిందెవరని." తెలియదన్నట్టు నవ్వాను. ఆ తర్వాత బెంచీ. రెండో సీజన్ సగంలో టికెట్టు కొనిచ్చి మర్యాదగా పంపించారు. ఇంటికొచ్చాక ఖమ్మంలో ఒక స్కూల్లో కోచ్‌గా చేరాను. అప్పటి నుంచీ దండలే దండలు.

ఆమె ఆశ్రమ పాఠశాలలో వ్యాయామం టీచరైంది. పోయిన ఏడాది ఫోన్ చేసింది. "మా పిల్లలకు నిన్ను చూపియ్యాలె. వస్తవా, పెద్దదానివైపోయినవా?"

"ఎప్పుడూ పెద్దదాన్నే కద, నీకన్న మూరెడు," అన్నాను.

భద్రాచలంలో బస్సు మారి పొద్దున్నే దిగాను. పెద్ద క్లాసు ఆడపిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఉంచింది. భాయి ఆమెకు కూడా ఆ వీడియో ఇచ్చాడట, ఫోన్లు మారినా దాచుకుంటూ వచ్చింది. నా బుట్టలు ఒక్కొక్కటే పడుతున్నాయి. "సూడున్రి, బాల్ రాకముందే చేతులెట్ల రెడీ ఉంచిందో," అని చెబుతోంది. అంతలో రిమోట్ నొక్కి ఆపింది. తెర మీద, ఫ్రేము అంచున, నల్లదారం చెయ్యి.

"గిది ఎవరిది?"

"టీచర్ చెయ్యి," అని పిల్లలంతా ఒక్కసారే అన్నారు. ఎన్నోసార్లు చూసినవాళ్ళలా ఉన్నారు. ఆమె మొహం వెలిగిపోయింది. తర్వాత నేను లేచి, కష్టపడితే ఏదైనా సాధించవచ్చని ఇరవై నిమిషాలు మాట్లాడాను.

మధ్యాహ్నం చిన్న క్లాసులకు ఇదే కార్యక్రమం మళ్ళీ ఉంది. ఈలోగా సామాన్ల గదిలో ఆమె సైకిల్ పంపుతో బంతికి గాలి కొడుతూ ఉంటే, పిన్ను ఊడకుండా నేను పట్టుకుని కూర్చున్నాను. అక్కడే చెప్పాను. దుకాణంలో కోయించిన సంగతి, వాళ్ళు అడిగిన సంగతి. చెయ్యి ఆపకుండా విన్నది.

"ఏమని రాసినవ్?"

"మా జూనియర్, ఆట మానేసిందని."

"ఎప్పుడు?"

"ఆ ఎండాకాలం. పోయే ముందు."

"అప్పుడు మానలే కద నేను."

"మానలే."

ఇంకో నాలుగు సార్లు పంపు కొట్టింది. బంతి రాయిలా బిగిసింది. "నువ్వు పిలిపిస్తవని ఇంకో ఏడాది పొద్దుగాల, సాయంత్రం ఆడిన," అంది. "పాల్వంచలనే కిరాయికుండి. మా అయ్య వచ్చి తోల్కపోయిండు." బంతిని నొక్కి చూస్తూ అడిగింది, "ఆడ కోర్టు సిమెంటుదా, చెక్కదా?"

"చెక్కది."

"బూడిద ఉండదన్నట్టు," అని పిన్ను లాగేసింది.

క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఇన్ని సభల్లో ఊరికే తెరిచిన నోరు, ఆ గదిలో పనికిరాలేదు. బెల్లు కొట్టారు.

చిన్నపిల్లలు వచ్చి కూర్చున్నారు. పెద్దపిల్లలు అన్నాల దగ్గర ముందే చెప్పి ఉంచారేమో, ఆ చోటు దగ్గరపడుతుంటే వాళ్ళలో వాళ్ళే గుసగుసలాడుకున్నారు. నల్లదారం చెయ్యి తెర అంచుకు వచ్చింది.

"టీచర్, ఆపున్రి. మీ చెయ్యి."

రిమోట్ ఆమె చేతిలోనే ఉంది. నొక్కలేదు. చెయ్యి బంతిని వదిలి ఫ్రేములోంచి పోయింది, నేను ఎగిరాను, బంతి పడింది. ఒక పిల్ల వెనక్కి తిరిగి ఆమె వైపు అనుమానంగా చూసింది. వీడియో చివరిదాకా ఆడింది. పావురాలు రెండూ ఎగిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"అక్క మాట్లాడతది, ఇనున్రి," అని చెప్పి ఆమె పోయి ఆఖరి బెంచీ మీద కూర్చుంది.

పొద్దున చెప్పిన ఇరవై నిమిషాలు నాకు నోటికి వచ్చు. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది కూడా. దాన్ని మింగి, "నన్ను పిలిచినవాళ్ళు మీ టీచర్ను కూడా అడిగారు," అని మొదలుపెట్టాను. అంతా చెప్పేదాకా ఆమె ఒళ్ళో బంతి పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది. తలెత్తి నా వైపు చూడలేదు.