అల్ రాయ్ గోదాములో ఆగిపోయిన దుప్పటి

కెనడా నుంచి ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవాళ్ళకి గల్ఫ్‌లో భవిష్యత్తు ఉందా అని మా అమ్మకందారుల బృందంలో ఎప్పుడూ చర్చే. గిరాకీకేం, బ్రహ్మాండంగా ఉంది. చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకునే కువైట్ వాళ్ళు, నేను కాల్గరీలో అల్లే ఉన్ని దుప్పట్లని ఎగబడి కొంటారు. కొన్నవాళ్ళలో సగం మంది అందలేదని ఫిర్యాదు చేస్తారు. వాళ్ళు పచ్చి మోసగాళ్ళని మేమంతా తీర్మానించేసుకున్నాం. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నా దుకాణం మూసేస్తామని వెబ్‌సైట్ వాళ్ళు హెచ్చరించారు కూడా. సరిగ్గా అప్పుడు, అందలేదని అప్పటికే ఫిర్యాదు చేసిన ఒక కొనుగోలుదారు ఖాతా నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు సందేశం వచ్చింది. రాసింది ఆ ఇంట్లో పనిచేసే సుగుణ, అమలాపురం దగ్గరావిడ. నా పేరు చూసి తెలుగుదాన్నని పోల్చుకుందట. దుప్పటి చేరలేదు, తలుపు తీసేది తనే కాబట్టి తనే కాజేసిందని మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నమ్ముతోంది. గురువారం లోపు దొరక్కపోతే ఆ రాత్రే విమానం ఎక్కించేస్తానంటోంది. ఎలాగూ హైదరాబాద్ వెళ్ళాల్సి ఉంది కనక టికెట్ మార్పించుకుని కువైట్‌లో ఒక పగలు ఆగాను. నాకు దొరికిన విమానం గురువారానిదే.

పొద్దున్నే దిగాను. కెనడా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి విమానాశ్రయంలోనే వీసా ఇస్తారు, మూడు దినార్లు. వరస మాత్రం కొండవీటి చాంతాడంత, గంటన్నర పట్టింది. సాయంత్రం దాకా పదిహేను దినార్లకి కారు మాట్లాడుకున్నాను. నడిపే ఖాదర్ భాయ్‌ది రాయచోటి. ముందు ఫర్వానియాలో ఇడ్లీ తినిపించాడు. ముప్పావు దినార్‌కే కడుపు నిండింది గానీ, అక్కడి ఏసీకి నా పళ్ళు టకటకలాడాయి. సంగతంతా విని, పనిమనిషి మీద దొంగతనం పడితే ఇక్కడెవరూ ఆరా తియ్యరని, పోలీసులకి అప్పగించకుండా టికెట్ కొని పంపేస్తున్నారంటే ఆవిడ అదృష్టవంతురాలేనని అన్నాడు. అంత మాట అంత మామూలుగా ఎలా అన్నాడో నాకు మింగుడుపడలేదు.

బయటి నుంచి వచ్చే పొట్లాలన్నీ ముందు దిగే అల్ రాయ్ అక్కణ్ణించి దగ్గరే, పది నిమిషాలు. కార్ల షోరూములు దాటాక వెనక వీధుల్లో కొరియర్ గోదాములుంటాయి. నా రసీదూ పాస్‌పోర్టూ చూసి అక్కడి గుమాస్తా లోపలికి తీసుకెళ్ళాడు. ఒక అలమర నిండా, నేల నుంచి కప్పు దాకా, కెనడా గుర్తు మేపుల్ ఆకు బొమ్మ ఉన్న పొట్లాలు. నావే నాలుగున్నాయి. కువైట్ వాళ్ళు దొంగలని కిందటేడు దుకాణం మూసేసుకున్న మా బృందంలోని ఆవిడ పెట్టె కూడా అక్కడే దుమ్ము కొట్టుకుని ఉంది. ఇవెందుకు పంచలేదని అడిగితే, గుమాస్తా హిందీలో నన్నే ఎదురడిగాడు, ఫోన్ నంబర్ లేకుండా ఎవరికి పంచమంటారని. ఖాదర్ భాయ్ తలూపాడు.

"ఈడ చిరునామా సూసి ఎవురూ పోరక్కా. ఫోన్ కొట్టి, యాడుండావు అని అడిగి పోతారు."

మాకేమో కొన్నవాళ్ళ నంబరు పొట్లం మీద అచ్చేయడం మర్యాద కాదు. అది చెరిపేసి పంపమని బృందంలో ఒకరికొకరం చెప్పుకుంటాం కూడా. మామా నంబరు ఇన్నాళ్ళూ నా ఫోన్‌లోనే ఉంది. గుమాస్తా దానికి ఫోన్ చేసి, పొట్లం పంపుతున్నానని మాత్రం అరబ్బీలో రెండు ముక్కలు చెప్పి, దాన్ని నా చేతిలో పెట్టాడు. ఒక్క నిమిషం పట్టిందేమో. ఆ నిమిషం నన్ను ఇప్పటికీ పీడిస్తోంది.

నాలుగో రింగ్ రోడ్డు మీదుగా హవల్లీ వైపు వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. విల్లా తలుపు తీసింది సుగుణే. ఆమె వెనకే సర్దేసిన పెట్టె, తాడు కట్టి ఉంది. మామా పొట్లం మీది గోదాము చీటీ రెండుసార్లు చదువుకుని మెట్టు మీద కూలబడింది. దుప్పటి నెల పైగా అల్ రాయ్ దాటలేదని ఆ చీటీలో ఉంది. పాపం, ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. తప్పయిపోయిందంటూ మామాయే సుగుణ చెయ్యి పట్టుకుంది. ఖలాస్, ఇంక అయిపోయింది, టికెట్ రద్దు చేసేస్తాను, పెట్టె లోపల పెట్టుకో అంది. హమ్మయ్య అనుకున్నాను. సుగుణ మెల్లిగా చెయ్యి విడిపించుకుని నా వైపు తిరిగింది.

"టికెట్ ఉంచమని చెప్పండమ్మగారూ. ఎనిమిదేళ్ళు ఆవిడ పిల్లల్ని నా చేతుల్తో పెంచానండి. ఒక్క దుప్పటికి దొంగనైపోయాను. ఇంక ఈ ఇంట్లో ముద్ద దిగదండి నాకు."

ఆ మాటలే ఇంగ్లీషులో మామాకి చెప్పాను. ఆవిడ ఏడ్చింది, సుగుణ ఏడవలేదు. సాయంత్రం ఖాదర్ భాయ్ కారులోనే ఇద్దరం విమానాశ్రయానికి వెళ్ళాం. దారంతా ఆమె మామా చిన్నకూతురి అల్లరి గురించే చెప్పింది.

మామా ఆ రాత్రే ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. నా దుకాణం నిలబడింది, ఇప్పుడు కువైట్‌కి వారం వారం దుప్పట్లు వెళ్తున్నాయి. కెనడా అమ్మకందారులకి అక్కడ భవిష్యత్తు ఉందా అంటే, నిక్షేపంలా ఉంది. మోసగాళ్ళని మేమూ, దొంగని మామా, ఎంత తేలిగ్గా అనేశామో తలుచుకుంటే మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. మీరు చేయాల్సింది ఒక్కటే, కొన్నవాళ్ళ ఫోన్ నంబర్ పొట్లం మీద చిరునామా కన్నా పెద్ద అక్షరాల్లో రాయండి. అయినా గోదాముకి వెళ్ళాల్సి వస్తే, అక్కడ పనివారం మొదలయ్యే ఆదివారమే వెళ్ళండి. నేను గురువారం వెళ్ళాను.