అత్త గాలి అన్న నొప్పి

మలాయ్ దేశంలో, పామాయిల్ తోటల మధ్య ఉండే మా ఊరు సుంగై సుమున్‌లో ఒంట్లో ఏ నొప్పి వచ్చినా పేరు ఒకటే, గాలి. నడుం పట్టేసినా గాలే, తల తిరిగినా గాలే. ఆ గాలిని చేత్తో తీసేది మా అత్త. నూనె రాసి వీపు మీద బొటనవేళ్ళతో నొక్కుకుంటూ పైకొచ్చిందంటే ఎంతటోడైనా త్రేన్చాల్సిందే. త్రేన్పు వస్తే రోగం బయటికి పోయినట్టు లెక్క. మలాయ్ వాళ్ళూ తమిళం వాళ్ళూ కూడా ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను మటుకు నమ్మేదాన్ని కాదు. ఆ మాట మొహం మీదే అనేదాన్ని, అందుకే మా ఇద్దరికీ క్షణం పడేది కాదు.

ఆ ఆదివారం పొద్దున్న చూస్తే అత్త వంటింట్లో గోడకానుకుని కూర్చుని ఉంది. మా ఆయన క్లాంగ్ పట్నంలో ఫ్యాక్టరీ డ్యూటీకి పోయినాడు, ఇంట్లో మేమిద్దరమే. ఆవిడ జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఏటయ్యింది అత్తా?"

"గాలే. దవడకి ఎక్కినాది. ఈపు రాయ్."

దవడకా! నుదురు ముట్టుకుంటే చల్లగా జిడ్డుగా ఉంది. వంట చేస్తే పట్టే చెమట కాదది. దవడ నొప్పీ చల్ల చెమటా గుండెపోటుకి వస్తాయని విని ఉన్నాను.

"రాయను. లెగు, ఆసుపత్రికి పోదాం."

"తేనుపు ఒకటి వస్తే సాలు. రాయడానికి ఒళ్ళు బరువైతే అలా సెప్పు."

"అవును, ఒళ్ళు బరువే! బేగి లెగు!"

అంతలో ఆవిడ నిజంగానే పెద్దగా త్రేన్చింది. "సూసినావా? ఎల్లిపోనాది" అని గెలిచినట్టు నవ్వబోయి, మళ్ళీ రొమ్ము పట్టుకుంది. ఇంక నేను మాటలు పెట్టుకోలేదు. చంకల కింద చేతులేసి లేపి, తిడుతూనే కార్లో కూలేసినాను. నాకంటే బరువైన మనిషి, ఎలా మోసినానో ఆ దేవుడికే తెలియాలి.

రోడ్డెక్కితే మా ముందు పామాయిల్ గెలల లారీ. దాటడానికి సందు లేదు. హారన్ మీంచి చెయ్యి తీయలేదు నేను. పక్కన అత్త ఇంకోసారి త్రేన్చి, "తగ్గిపోనాది, బండి తిప్పు" అంది. కాసేపటికి "తిప్పమంటే నీక్కాదేటే!" అని అరిచింది. తర్వాత అరవలేదు. "తిట్టత్తా, ఊరుకోకు, నన్ను తిట్టు" అని ఏడుస్తూ బతిమాలినాను. ఎదురుగా బండి వస్తున్నా లారీని దాటేసినాను.

ఆసుపత్రిలో ఛాతీకి వైర్లు అతికించి, కాగితం మీద గీతలు చూడగానే అందరూ పరుగులు పెట్టినారు. డాక్టరమ్మ, చిన్నపిల్లే, నాతో మలాయ్‌లో గబగబా చెప్పింది. గుండె మీది రక్తనాళంలో గడ్డ అడ్డం పడింది, దాన్ని కరిగించే మందు ఎక్కించాలి, కానీ ఆ మందుతో మెదడులో రక్తం కారినా కారొచ్చు, ఒప్పుకుంటారా? మా ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తడు. అత్త కళ్ళు తెరవడం లేదు. నేనే సరే అన్నాను. కొడుకు చెప్పాల్సిన మాట కోడలు చెప్పింది, ఏదైనా అయితే ఊరు నన్ను బతకనిస్తుందా? మందు చుక్కలు చుక్కలుగా దిగుతుంటే ఆవిడ దవడ వైపే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆ బిగువు వదిలింది. "నొప్పి దిగినాది" అంది నీరసంగా.

మర్నాడు డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి పిడికిలి బిగించి చూపిస్తూ మలాయ్‌లోనే చెప్పింది.

"గుండె ఇంతే. లోపల ఎప్పుడూ రక్తం నిండే ఉంటుంది, కానీ ఆ రక్తం నేరుగా దాని కండకి అందదు. ఒళ్ళంతటికీ తోసిన రక్తంలోంచే, తన మీద పాకే సన్నటి నాళాల్లోంచి తన వాటా తెచ్చుకోవాలి. ఆ నాళం మూసుకుంటే కండ కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చచ్చింది మళ్ళీ పెరగదు."

ఊరందరికీ వండి వడ్డించి, తన కంచంలోకి మెతుకు రాక పడిపోయిన మనిషిలా అనిపించింది నాకు.

"మరి ఆ త్రేన్పులు?" అన్నాను.

"గుండె అడుగు భాగం కడుపుకి దగ్గర. ఏది గుండె నొప్పో, ఏది కడుపు నొప్పో ఒంటికే తెలియదు. చాలామందికి కడుపు ఉబ్బుతుంది, త్రేన్పు వస్తుంది. రుద్దితే హాయిగానే ఉంటుంది, ఈలోగా లోపల కండ పోతూ ఉంటుంది."

అత్త అంతసేపూ కిటికీ వైపే చూస్తోంది. ఉన్నట్టుండి తెలుగులో "ఓ మాట అడుగు" అంది.

"మీ మావ ఓనాడు తోటలోంచి రొమ్ము పట్టుకుని వచ్చినాడు. మద్దేన్నమంతా నానే రాసినాను. తేనుపులు వచ్చినాయి. బాగుందన్నాడు. పొద్దు కూకేసరికి పోనాడు. అదీ ఇదేనా, అడుగు."

మామయ్యని నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయినాడు. ఎలా పోయినాడో ఈ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. నిన్న ఎందుకంత మొండికేసిందో అప్పుడు తెలిసింది. ఈ నొప్పి గాలి కాకపోతే, ఆ రోజు నొప్పీ గాలి కాదు.

డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?" అని మలాయ్‌లో అడిగినాను. ఇంకా కొన్నాళ్ళు ఉండాలంది.

"అది వేరంటన్నారు అత్తా. మావది వేరే రోగమంట."

డాక్టరమ్మ వెళ్ళిపోయినాక అత్త నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"ఈ దేశంలో పుట్టినదాన్ని, నాకు మలాయ్ రాదనుకున్నావేటే?" అంది. "నోరు రాక నిన్ను అడగమన్నాను. నువ్వూ అడగనేకపోనావు."