జంపక్క గడ్డం మీది మూడు చుక్కలు

బూర్గంపాడు దాటి అడవి దారి మొదలయ్యే మలుపులో ఆ పెద్ద బోర్డు కట్టిన రోజు జంపక్క తన చేలో కంది కోస్తోంది. మేనకోడలు పుష్పలత గట్టు మీద నుంచే కేకేసింది.

"అత్తా! నీ మొహం బోర్డుకెక్కింది. ఒకటి గాదు, రెండు మొహాలు. రెండూ నువ్వే!"

"ఒక్కదానికి కూడు పెట్టుడే కష్టమైతాంది. రెండోదాన్ని ఎవలు సాకుతరే?" అని జంపక్క నవ్వింది. కొడవలి ఆపలేదు.

సాయంత్రం ఇద్దరూ మలుపు దాకా నడిచి వెళ్లారు. పుష్పలత చెప్పింది నిజమే. ఎడమవైపు జంపక్క ముఖం. ఉన్న ముడతలు చాలవన్నట్టు వాటికి ఇంకాస్త నలుపు పూశారు. కుడివైపు కూడా జంపక్క ముఖమే, కానీ ముడత ఒక్కటీ లేదు. చెంపలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. కింద ఎర్రటి అక్షరాలను పుష్పలత కూడబలుక్కుని చదివింది. "సూది లేదు, ఫిల్లర్ లేదు. అడవి నూనెతో మీ చర్మం మళ్లీ పుడుతుంది."

"ఫిల్లరంటే ఏందే?"

"పట్నంల ఉన్నోళ్లకు చెంపలు లోపటికి పోతే సూదితోని మందు నింపి లేపుతరంట అత్తా. గిది దానికి బదులంట. చెట్ల మందంట."

జంపక్క వినడం లేదు. బోర్డు మీది రెండో ముఖాన్ని చూస్తూ చేత్తో తన గడ్డం తడుముకుంటోంది. ఆ ముఖం గడ్డం మీద చుక్కలు లేవు. నొసటి మీద గీత లేదు.

"నా పచ్చలేవే?" అంది.

ఆ పచ్చబొట్లు జంపక్కకు పాలపళ్లు ఊడే వయసులో పొడిపించినవి. సంతకు వచ్చిన పచ్చలు పొడిచే ఆమె ముందు కూర్చోబెట్టి, తల కదలకుండా తల్లి తన ఒళ్లో గట్టిగా పట్టుకుంది. పిల్ల ఏడుస్తుంటే తల్లి చెవిలో చెప్పింది. "ఏడ్వకు బిడ్డా. కడియాలు ఈడనే తీసేస్తరు, చీర ఈడనే తీసేస్తరు. గివి తియ్యరాదు. పైకి పోయినంక మన అవ్వలు నిన్ను గీటితోనే గుర్తుపడతరు." ఆ తల్లి పోయి ఎన్నో ఏళ్లయింది. తల్లి ఇచ్చిన వస్తువేదీ జంపక్క దగ్గర మిగల్లేదు. కడియాలు భర్త జబ్బు నాడు అమ్ముడుపోయాయి. మిగిలింది ఆ మూడు చుక్కలూ ఒక గీతా.

ఫోటో ఎప్పుడు తీశారో ఆమెకు గుర్తుంది. వానలకు ముందు, ఇప్ప గింజలు ఏరే రోజులు. ఖమ్మం నుంచి జయప్రకాశ్ అనే ఆయన కారులో వచ్చాడు. ఆయనకు అక్కడ చర్మానికి సహజ వైద్యం చేసే దుకాణం ఉంది. మర్యాదగానే మాట్లాడాడు. జంపక్క మంచం వాల్చింది, జావ పోసింది, గానుగ లేకుండా గింజలు దంచి, ఆవిరి పట్టి, రెండు దుంగల మధ్య నొక్కి నూనె ఎలా తీస్తారో చూపించింది. చలికాలం పగిలిన కాళ్లకు, పసిపిల్లల ఒంటికి రాస్తామని చెప్పింది. ఆయన చిన్న సీసా అడిగితే ఊరికే ఇచ్చింది. "ఒక ఫోటో తీసుకోనా అమ్మా?" అంటే కొంగు సర్దుకుని నిలబడింది. ఇంటికి వచ్చిన మనిషి అడిగితే కాదనడం ఆమెకు రాదు. ఊళ్లో ముసలివాళ్ల మడమలకు నూనె రాసేది ఆమే, పురుడు జరిగిన ఇంటికి పిలవకపోయినా కట్టెలు మోసుకెళ్లేదీ ఆమే. అలాంటి మనిషి చేతి జావ తాగి, ఆమె ముఖాన్నే తీసుకుపోయి అమ్మకానికి పెట్టాడు.

అయినా ఆ సాయంత్రం జంపక్క గొడవ చెయ్యలేదు. "పోనీ తియ్యి, బొమ్మే గద. నా గడ్డం నాకు ఉన్నది" అంది. ఊళ్లో వాళ్లు కొన్నాళ్లు ఆటపట్టించారు. "జంపక్కా, పెండ్లికొడుకుని చూడాల్నా?" అని ఒకరు, "మాకూ ఇన్ని బుగ్గలు పంచు" అని ఒకరు. ఆమె కూడా నవ్వింది. అక్కడితో అయిపోయేదే, లాలి లేకపోతే.

లాలిది వాగు అవతలి తండా. ఏటా మిరప కోతలకు ఇద్దరూ ఒకే ట్రాలీ ఆటోలో ముదిగొండ వైపు వెళతారు. ఒకే పాకలో పడుకుంటారు, ఒకే కుండలో వండుకుంటారు. మిరప ఘాటుకు చేతులు మండి జంపక్క అన్నం కలుపుకోలేని రాత్రుల్లో లాలి ముద్దలు కలిపి పెట్టింది. లాలికి జ్వరం వచ్చిన ఏడు ఆమె సాళ్లు కూడా జంపక్కే కోసింది. సొంత అక్కచెల్లెళ్లయినా అంతకంటే ఏం చేస్తారు!

లాలి చెంపల మీద నల్లటి మంగు ఉంది. ఎండలో పనిచేసే ఆడవాళ్లకు వచ్చేదే. ఆమెకు మాత్రం అది పెద్ద దిగులు. దవాఖానాలో ఇచ్చిన మందు నెమ్మదిగా పనిచేస్తుందన్నారు. ఈలోగా లాలి బోర్డు చూసింది. అందరిలా ముడతలు పోయాయని చూడలేదు, పచ్చబొట్లు పోయాయని చూసింది. ప్రాణం పోయినా పోని పచ్చబొట్టే ఆ నూనెకు పోయిందంటే మంగు ఎందుకు పోదు? ఈ ఆలోచన మన వైపు ఆడమనిషికే తోస్తుంది. ఆ బోర్డు తయారుచేసిన వాళ్లకు ఇది కలలో కూడా తోచి ఉండదు. దవాఖానా మందు పక్కన పెట్టి, సీసా తెప్పించుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసింది. మండితే పనిచేస్తోంది అనుకుంది. ఇంకా రాసింది.

కోతలకు బయలుదేరేముందు మాట్లాడుకుందామని జంపక్క తండాకు వెళ్లేసరికి లాలి ముఖానికి తువ్వాలు చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏమైందే? ఇటు తిరుగు."

లాలి తువ్వాలు తీసింది. కుడి చెంప అంతా చర్మం లేచిపోయి ఎర్రగా పచ్చిపుండులా ఉంది. భద్రాచలం డాక్టరు సీసా చూసి, ఇందులో ఏదో ఘాటైన మందు కలిపారని, చాన్నాళ్లు ఎండలోకి పోవద్దని, మిరప చేలో అసలు అడుగు పెట్టొద్దని చెప్పాడట. అంటే ఈ ఏడు కోతల్లేవు. ఏడాది బతుకంతా ఆ కోతల మీదే.

"ఒక్కమాట నన్ను అడగరాదా లాలీ?" అంది జంపక్క.

"ఏం అడగాలె? బోర్డు మీద నువ్వే ఉన్నవ్ గద! కంపెనీని చూసి కొన్ననా నేను? నిన్ను చూసి కొన్న. జంపక్క అబద్ధమాడదని కొన్న."

"అది నేను గాదే. నా గడ్డం చూడు, చుక్కలున్నయా లేవా?"

"ఇప్పుడు చూస్తే ఏం లాభం? ఆళ్లు నీకేమిచ్చిండ్రో నాకెరుక లేదు. నాకైతే గిది ఇచ్చిండ్రు." లాలి చెంప చూపించింది. "పో అక్కా. నీతోని మాట్లాడబుద్ధి అయితలేదు."

జంపక్క వాగు దాటి వచ్చింది. ఏడవలేదు. కోపం రాని మనిషికి కోపం వస్తే ఎలా ఉంటుందో ఆ రోజు పుష్పలత చూసింది. పొయ్యి వెలిగించలేదు. చివరికి అంది: "నా బొట్లు తుడిస్తే ఊకున్న. బొమ్మే గద అనుకున్న. నా మొహంతోని అబద్ధం ఆడిపిచ్చిండు వాడు. నా లాలికే ఆడిపిచ్చిండు."

గోదావరికి ఆ ఒడ్డున సత్యానికి కట్టుబడి రాజ్యం వదులుకున్న దేవుడు కొలువై ఉన్నాడు. ఈ ఒడ్డున, ఆయన గుడికి పోయే జనమంతా చూసే దారిలో, ఇంత అబద్ధాన్ని ఇనుప గొట్టాలకు కట్టి నిలబెట్టారు. ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే జంపక్క పుష్పలతకు మాత్రం చెప్పి మొదటి బస్సెక్కింది. ఖమ్మంలో దారి తెలియక ఒక పూలమ్మే ఆమెను అడిగితే, ఆమె తన గంప పక్కవాళ్లకు అప్పగించి దుకాణం వీధి మలుపు దాకా వచ్చి చూపించింది. దుకాణం నెత్తిన అదే బోర్డు, ఇంకా పెద్దది. జంపక్క దాని కింద మెట్టు మీద కూర్చుంది.

లోపల పనిచేసే అమ్మాయి బయటికి వచ్చింది. "అవ్వా, ఈడ కూసోవద్దు. కస్టమర్లు వస్తరు."

"రానీ బిడ్డా. ఆళ్ల కోసమే కూసున్న."

ఆ అమ్మాయి ఆమెను చూసింది, తలెత్తి బోర్డు చూసింది. మళ్లీ ఆమెను చూసింది. లోపలికి పోయి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసింది. ఉద్యోగం పోతుందన్న భయం ఆ పిల్ల ముఖంలో కనిపిస్తూనే ఉంది. అయినా వేసింది.

మొదట కారు దిగింది నిర్మలాదేవి. ముదిగొండలో పెద్ద రైతు భార్య. ఆమె చేలోనే జంపక్క, లాలి ఎన్నో ఏళ్లు మిరప కోశారు.

"జంపక్కా! నువ్వేంటి ఇక్కడ?" అంటూ బోర్డు వైపు చూసి ఆగిపోయింది. "అయ్యో, ఇన్నాళ్లూ గుర్తుపట్టనే లేదు. ఇది నువ్వేనా? మరి... ఏం రాశావే ముఖానికి?"

"మీ చేన్ల ఎండ రాసినమ్మా. ఇగో, గిట్ల అయింది. మంచిగ చూడుండ్రి."

నిర్మలాదేవి రెండు ముఖాలనూ మార్చి మార్చి చూసింది. చెంప మీద చెయ్యి వేసుకుంది. "డాక్టరేమో ఫిల్లర్లు చేయించుకోమన్నాడు. సూదంటే భయమేసి ఇక్కడికొస్తున్నా. సహజం కదా, ఏం కాదులే అనుకున్నా."

"మా లాలి గూడ గట్లనే అనుకున్నది. ఆమె చెంప ఊడిపోయిందమ్మా. ఈసారి మీ చేనుకు రాదు."

అంతలో జయప్రకాశ్ వచ్చాడు. జంపక్కను చూడగానే గుర్తుపట్టాడు. చెయ్యి జోడించాడు కూడా.

"అమ్మా, లోపలికి రండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"లోపటికెందుకు? నా మొహం బయటనే పెట్టినవ్ గద."

"ఫోటో తీసుకోమని మీరే అన్నారు కదమ్మా."

"తీస్కోమన్న. మార్చుమన్ననా? నా ఇంట్ల జావ తాగినవ్. నీ కడుపు సల్లగుండాలె అనుకుంట పోసిన. నా మొహం తీస్కపోయి దాంతోని ఆడోళ్ల చెంపలు కాలుస్తవని ఎరుకైతే పోస్తునా?"

వీధిలో నలుగురు ఆగారు. ఆయన గొంతు తగ్గించాడు. "ఇవి అందరూ చేసేవేనమ్మా. ప్రకటన అంటే అట్లాగే ఉంటుంది. ఆ చుక్కల సంగతా? కంప్యూటర్ పనిచేసే అబ్బాయి మచ్చలనుకుని తుడిచేశాడు. సాయంత్రానికల్లా పెట్టించేస్తా, సరేనా?"

జంపక్క కుర్చీలోంచి లేచింది.

"మచ్చలా? మా అవ్వ నన్ను ఒళ్లె పట్టుకోని పొడిపిచ్చింది నీకు మచ్చలా? నువ్వు తుడిస్తే పొయ్యేటియి గావు ఇవి, నువ్వు పెడితే వచ్చేటియీ గావు. నా బొట్లు నాకున్నయ్. నాకేం పెట్టకు. లాలి చెంప మీద తోలు పెట్టు! పుట్టిస్తనని రాసినవ్ గద మీద? పుట్టియ్యి! నీ ఇంట్ల అక్కచెల్లెండ్లు లేరా? ఆళ్లకు రాసినవా గిది ఒక్కనాడన్న?"

"చూడమ్మా, గొడవ చేస్తే పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలువు. జల్దీ పిలువు. ఆళ్లకు గూడ చూపిస్త, మీద ఒక మొహం, కింద ఒక మొహం."

నిర్మలాదేవి ముందుకు వచ్చింది. "జయప్రకాశ్ గారూ, నేనూ అదే సీసా రాసుకుంటున్నానండీ. అందులో ఏం కలిపారు? ఆ సంగతి చెప్పండి ముందు."

ఆయన ఫోను చెవికి పెట్టుకుని లోపలికి పోయి అద్దాల తలుపు వేసుకున్నాడు. నిర్మలాదేవి కొత్త సీసా కొనకుండానే కారెక్కింది. "మా ఆయనతో మాట్లాడి వస్తా" అంది. వస్తుందో లేదో జంపక్క ఆలోచించలేదు. ఆమె వచ్చింది నిర్మలాదేవి కోసం కాదు. మళ్లీ కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ తల పైకెత్తి గడ్డం చూపిస్తూ అదే మాట చెప్పింది: "అది నేనే. గిదీ నేనే. నేనేం రాయలే." కొందరు వెనక్కి తిరిగారు. కొందరు ఆమె పిచ్చిదనుకుని తప్పుకుని లోపలికి పోయారు. అలా పోయినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పినా వాళ్లు బోర్డు మీది ముఖాన్నే నమ్ముతున్నారు. ఆ ముఖాన్నే నమ్మిన లాలి కోపం న్యాయమేనని ఆమెకు ఇంకా గట్టిగా తెలిసింది.

ఎండ నెత్తికెక్కాక వీధి చివర పుష్పలత కనిపించింది. ఆమె వెనక ముఖానికి తువ్వాలు చుట్టుకున్న ఇంకొక మనిషి. ఎండలోకి పోవద్దని డాక్టరు చెప్పిన మనిషి.

లాలి వచ్చి జంపక్క ముందు నిలబడింది. బోర్డును చూసింది. కళ్లు దించి జంపక్క గడ్డాన్ని, దాని మీది చుక్కలను చూసింది.

"పొద్దటి సంది గిట్లనే కూసున్నవా?"

"అవ్."

"నీళ్లన్న తాగినవా?"

జంపక్క తల అడ్డంగా ఊపింది. లాలి సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆమె చేతిలో పెట్టి, పక్కనే మెట్టు మీద కూర్చుంది. అప్పుడే ఆటో దిగిన ఒక ఆడమనిషి బోర్డు చదువుకుంటూ తలుపు వైపు నడిచింది.

లాలి తువ్వాలు విప్పేసింది. చెంప ఆమె వైపు తిప్పింది.

"చదివినవా చెల్లె?" అంది. "ఇగ గిది గూడ చూసి లోపటికి పో."