ఆరు కోసులకొకసారి జీను దింపాలి

ముందు ఆ రోజు పోయినవాటి లెక్క చెబుతాను. తొమ్మిదేళ్ల తెల్ల ఆడగుర్రం ఒకటి. దాని మెడపట్టెకున్న పన్నెండు ఇత్తడి మువ్వల్లో మూడు. ఒక ముసలాయన ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. మా క్వార్టర్ల లైనులో వాళ్లకి నా లెక్క మీద ఉన్న నమ్మకం. ఆయన నన్ను ‘అల్లుడా’ అని పిలవడం. ఇవి ఐదు. ఆరోది చివర చెబుతాను.

ఎనభైల్లో సంగతి. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వెనక రేకుల కొట్టంలో ఆ గుర్రం ఉండేది. ముసలాయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. తండ్రి అక్కడ జట్కా తోలేవాడు. ఈయన ఇక్కడ హిందీవాళ్ల పెళ్లి ఊరేగింపులకు గుర్రం మీద పెళ్లికొడుకుల్ని ఎక్కించేవాడు. చుట్టరికం లేకపోయినా నేను మావా అనేవాణ్ని. గుర్రాన్ని ఆయన ‘అమ్మి’ అని పిలిచేవాడు, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టు.

నేను వర్క్‌షాపులో ఫిట్టర్ని. చదువు ఏడో తరగతి. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఒక్కో రైలు పట్టా పొడవు పదమూడు మీటర్లు. రైల్లో కూర్చుని నలభై ఏడు సెకన్లలో ఎన్ని అతుకుల చప్పుడు వినబడితే గంటకు అన్ని కిలోమీటర్లు. ఆలస్యమైన బండి ఎప్పుడొస్తుందో స్టేషన్లో అడక్కుండా నన్నడిగేవాళ్లు. ఒకసారి సరదాగా ఆ గుర్రాన్నీ కొలిచాను. లైను పక్క రోడ్డు మీద దుడుకు నడకలో, అంటే నడకకీ దౌడుకీ మధ్య జోరులో, కిలోమీటరుకు ఐదు నిమిషాలు. అంటే గంటకు పన్నెండు.

మే నెలలో ఒక ఉదయం తొమ్మిదిన్నరకు మావ టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. గుర్రాన్ని దూరపు పెళ్లికి తీసుకెళ్లాల్సిన లారీ రావడం లేదు.

“ఇరుసు ఇరిగిపోనాదంట అల్లుడా. అక్కడ నాలుగ్గంటలకి బాజా మొదలెడతారు. ఏటి సేద్దుం?”

“ఎంత దూరం మావా?”

“యాభై నాలుగు కిలోమీటర్లు. రెండ్రోజుల దారి. రాలేనని కబురెట్టేత్తాను.”

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేను సిగరెట్టు పెట్టె చింపి వెనకవైపు రాశాను. యాభై నాలుగును పన్నెండుతో భాగిస్తే నాలుగున్నర గంటలు. నీళ్లకు రెండు హాల్టులు, ఒక్కోటి పది నిమిషాలు. పైన నలభై నిమిషాలు మార్జిన్. గూడ్సుబండికి వేసే లెక్కే ఇది. పదిన్నరకు బయల్దేరితే నాలుగుకు చేరాలి.

“కీ దాదా, ఘోడారో టైమ్‌టేబుల్?” గుర్రానికీ టైమ్‌టేబులేనా అని టీ కొట్టు బెంగాలీ నవ్వాడు.

మావ నవ్వలేదు. “మా అయ్య ఆరు కోసులకోపాలి జీను దింపీవోడురా. ఈపు మీద సెమట ఆరీదాకా గంటన్నర నిలబెట్టీవోడు. ఇది ఇంజిను కాదు బాబూ.”

“ఇంజినుకైనా నీళ్లు పట్టడానికి పది నిమిషాలే మావా. పూర్వం గుర్రాల మీద టపా రోజుకు వంద మైళ్లు పోయేదని చదివాను. ఇది అందులో మూడో వంతే.”

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపే మాట్లాడారు. ఆయన ఆ చీటీని చాలాసేపు చూశాడు. ఆయనకు చదవడం రాదు. “నీ లెక్క ఎప్పుడూ తప్పనేదు గదా,” అని లేచాడు.

ఆయన గుర్రం మీద, నేను అలంకారాల పెట్టె కట్టిన సైకిలు మీద. జీను కట్టి బయల్దేరేసరికి పదకొండు, మార్జిన్‌లో అరగంట అక్కడే పోయింది. ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా గడియారం చూసి రాసుకున్నాను. ఐదు నిమిషాలు. ఐదు. ఐదు. పద్దెనిమిదో రాయి దగ్గర నీళ్లు పెట్టాం. దాని మెడ మీద చెమట తెల్లగా నురగ కట్టింది. మావ జీను పట్టీ మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు. నేను గడియారం చూపించాను. ఆయన చెయ్యి తీసేశాడు.

ముప్పై ఆరో రాయి దగ్గర అది నీళ్లలో మూతి పెట్టి తాగకుండానే తీసేసింది. మళ్లీ బయల్దేరిన కాసేపటికి దాని ఒంటి మీద చెమట లేదు. పూర్తిగా ఆరిపోయింది. అలసట తీరిందనుకున్నాను. పుస్తకంలో ‘చెమట లేదు, బాగుంది’ అని కూడా రాశాను. మావ మాత్రం మాటిమాటికీ వంగి దాని మెడ తడిమి చూస్తున్నాడు. మువ్వలు మోగుతున్నాయి, ఐదు నిమిషాలకో రాయి వెనక్కి పోతోంది. ఒక్కసారి అది నడక తగ్గించినా, ఒక్క రాయి దగ్గర ఆరు నిమిషాలు పట్టినా నేను ఆపమనేవాణ్నేమో. పట్టలేదు.

నాలుగుకు పది నిమిషాల ముందు చేరాం. బాజావాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. జీను దింపే వ్యవధి లేదు. దాని మీదే ముఖమల్ గుడ్డ పరిచి పెళ్లికొడుకుని ఎక్కించారు. బాజా మొదలైంది. ఇరవై అడుగులు నడిచి ముందు మోకాళ్ల మీద కూలబడింది. పెళ్లికొడుకు దూకేశాడు, దెబ్బ తగల్లేదు. మువ్వలు మూడు తెగి రోడ్డు మీద దొర్లాయి. మావ అప్పుడు జీను దింపాడు. వీపు మీద ఉప్పు పొరకట్టి ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట ఆరింది అలసట తీరి కాదు, ఒంట్లో నీళ్లు అయిపోయి. బిందెలతో నీళ్లు పోశాం. పొద్దు గుంకక ముందే దాని ఊపిరి ఆగిపోయింది.

“నీ లెక్క సరిగ్గా సరిపోనాదిరా,” అన్నాడు మావ. అల్లుడా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. మరో గుర్రాన్ని కొననూ లేదు.

తొంభైల్లో ఒక పాత పుస్తకంలో మళ్లీ ఆ టపా సంగతి కనబడింది. ఈసారి కింది పేరా కూడా చదివాను. కొన్ని కోసులకొకసారి గుర్రాన్ని మార్చేవాళ్లు. వంద మైళ్లు వెళ్లింది ఉత్తరాలు, ఒక గుర్రం కాదు. ఆ సాయంత్రమే కొత్తగా లెక్క వేసి, మావ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి చదివాను. కోసుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఆరు కోసులకొకసారంటే దారిలో రెండుసార్లు, చేరాక ఒకసారి జీను దింపాలి. గంటన్నర చొప్పున మూడుసార్లు, రెండు వందల డెబ్బై నిమిషాలు. నేను ఇచ్చింది పదేసి నిమిషాలు రెండుసార్లు.

ఆయన చివరిదాకా విన్నాడు. “ఇప్పుడు ఎవులికిత్తావు?” అన్నాడు. తలుపు వేసుకున్నాడు.

ఆయనా పోయి చాలా కాలమైంది. ఆరోది ఇదే. నేను ఆ గుర్రానికి బాకీ ఉన్న విశ్రాంతి రెండు వందల యాభై నిమిషాలు.