చేప కడుపు తడిమే క్లెమెంట్

గనులు మూతపడ్డాక కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ మీద వచ్చిన వ్యాసాలన్నీ ఒకే రాగంలో ఏడుస్తాయి. ఆ ఏడుపులో క్లెమెంట్‌కు చోటు లేదు. షాఫ్టులోంచి పైకొచ్చే కార్మికులు బంగారం దాచుకున్నారేమోనని గేటు దగ్గర తనిఖీ చేసిన గార్డు ఆయన. సద్దిగిన్నెలు, జుట్లు, నోళ్ళు, చంకలు, దేన్నీ వదల్లేదు. గని పోయింది గానీ, ఆయన మీద జనం కోపం పోలేదు. క్రిస్మస్‌కు కేకు పంపితే గిన్నె కూడా తిరిగొచ్చేది కాదు. ఇంటికి భోజనానికి ఎవరొస్తారు?

పని లేని చేతులతో ఆయన గాలం పట్టుకుని బేతమంగళ చెరువుకు పోసాగాడు. రోహు చేప కడుపు ఒక్కసారి తడిమితే చాలు, లోపల గుడ్లున్నదీ లేనిదీ చెప్పేసేవాడు. గుడ్లు లేని చేపను "పో, పో" అని నీళ్ళలోకి వదిలేసేవాడు.

ఒకనాడు టీవీలో కేవియార్ చూశాడు, అంటే ఉప్పు పట్టించిన ఖరీదైన చేపగుడ్లు. తన అరవయ్యో పుట్టినరోజుకు దాన్ని చేసి, పాత కార్మికులు ఆంజినప్పనూ బచ్చప్పనూ పిలవాలనుకున్నాడు. బిర్యానీకి రానివాళ్ళు వింత చూడ్డానికైనా వస్తారని ఆశ.

గుడ్ల తిత్తిని పెద్ద కన్నాల జల్లెడ మీద రుద్ది, పొరలు తీసి, చల్లటి ఉప్పునీళ్ళలో కడిగి, వడగట్టి, మళ్ళీ ఉప్పు కలిపి జామ్ సీసాల్లోకి ఎత్తాడు.

"వేపితే మీకేం పోతాది?" అంది భార్య ఆగ్నెస్.

"కేవియార్‌ని వేపరు. పచ్చిదే తింటారు."

"మన పిల్లి గూడా పచ్చివే తింటాది. అది యానాడూ కేవియార్ అనలే."

వాళ్ళిద్దరూ వచ్చారు. ఆంజినప్ప గుమ్మంలోనే చేతులు పైకెత్తి నిలబడ్డాడు. "తడుముకోప్పా. మాకు అలవాటే." క్లెమెంట్ చెవులు ఎర్రబడ్డాయి.

బిస్కెట్ల మీద తలా ఒక చెంచాడు పెట్టి ఇచ్చాడు. బచ్చప్ప నమిలాడు. తర్వాత చెంబెడు నీళ్ళు తాగాడు.

"ఉప్పు మూటను నాకినట్టుండాదప్పా."

"ఇది మనకని చేసిన నాసిరకం రా," అన్నాడు ఆంజినప్ప. "మంచిది యాడో దాచిపెట్టినాడు. పట్టుకో!"

ఒకడు చేతులు పట్టుకున్నాడు, ఇంకొకడు జేబులు వెతికాడు. ఊరందరినీ తడిమిన మనిషికి అంత చక్కిలిగింత ఉందని అంతవరకూ ఎవరికీ తెలియదు. మెలికలు తిరుగుతూ, "వద్దురా, జారి పగిలిపోతాది!" అని అరిచాడు. బనీను లోపల, బొడ్డు పక్కన, రెండో సీసా దొరికింది.

"దొంగ నా కొడకా!"

"అదీ ఇదే రా! ఫ్రిజ్‌లో పెడితే ఆగ్నెస్ వేపేస్తాది, అందుకే..."

ఆగ్నెస్ అప్పటికే సీసా లాక్కుని గుడ్లను నీళ్ళలో కడిగేస్తోంది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకు వేసి వేపింది. రాగిముద్దతో వడ్డించింది. పచ్చిదే తినాలన్న క్లెమెంట్ సిద్ధాంతం మొదటి ముద్ద దాకా నిలిచింది.

వెళ్తూ వెళ్తూ ఆంజినప్ప చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. "ఆదివారం మేమూ వస్తాం చెరువుకి. మా చేపల్ని గూడా తడిమి చెప్పు."

"ఉప్పు మాత్రం నువ్వు ముట్టుకోవద్దప్పా," అన్నాడు బచ్చప్ప.

క్లెమెంట్ వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయినా లాభం లేదు. ఆగ్నెస్ ఉప్పు డబ్బాను ఆయనకందని అటక మీదికి ఎక్కించేసింది.