నిచ్చెన రిఫాలో, గ్యాస్ జుఫైర్‌లో

2006 వేసవిలో నన్ను బహ్రెయిన్‌లో ఒక ఏసీ సర్వీసు కంపెనీకి సూపర్‌వైజరుగా వేశారు. టెక్నీషియన్లకు పైవాణ్ణి, ఆపరేషన్స్ మేనేజరుకు కిందివాణ్ణి. అప్పటికి పద్ధతి సులువు. వ్యానుకు ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన, ఒక గ్యాస్ సిలిండరు. ఒకరు డాబా మీద యూనిట్‌లో గ్యాస్ నింపుతుంటే, రెండోవారు కనిపెట్టుకుని ఉండి మంచినీళ్లు అందించేవారు.

నేను చేరిన కొద్దిరోజులకే మా కంపెనీని మరో కంపెనీతో కలిపారు. అన్ని వ్యాన్లలో అన్ని సామాన్లూ దేనికని కొత్త మేనేజరు సగం వ్యాన్లకు నిచ్చెనలు, మిగతా సగానికి సిలిండర్లు కేటాయించారు. వ్యానుకు ఒక్క మనిషే. పని పూర్తయి 'జాబ్ క్లోజ్' అయ్యేదాకా అక్కణ్ణించి కదలకూడదు.

మొదటి వారంలోనే జుఫైర్ నుంచి యూసుఫ్ ఫోన్ చేశాడు. నిజామాబాద్ మనిషి, మాలో అందరికన్నా పాతవాడు.

"సార్, గ్యాస్ నా తాన ఉంది. నిచ్చెన లేదు. మీదికెట్ల పోవాలె?"

నిచ్చెన అక్కడికి దూరంగా, రిఫాలో, శ్రీకాకుళం అప్పలరాజు దగ్గర ఉంది. అతనికి ఫోన్ చేశాను.

"నిచ్చెనేసుకుని కూకున్నాను సార్. గ్యాస్ ఎప్పుడొస్తాది?"

మేనేజరును అడిగితే, ఎవరి జాబ్ ముందు క్లోజ్ అయితే వారు రెండోవారి దగ్గరికి వెళ్లవచ్చని ఓపికగా వివరించారు.

మధ్యాహ్నమైంది. ఇంటివాళ్ల కేకలు భరించలేక యూసుఫ్ సిలిండరు వీపున కట్టుకుని, నీళ్ల పైపు పట్టుకుని పైకెక్కాడు. గ్యాస్ నింపాడు, ఆ ఎండలోనే పడిపోయాడు. పక్క డాబా మీద ట్యాంకు చూడడానికి వెళ్లిన వాచ్‌మన్ కంటబడ్డాడు కాబట్టి బతికాడు.

సల్మానియా ఆసుపత్రికి నేను వెళ్లేసరికి సెలైన్ ఎక్కుతోంది. అతని ఫోన్ మోగితే నేనే ఎత్తాను. జాబ్ ఎందుకు క్లోజ్ కాలేదని ఆఫీసువాళ్లు అడిగారు. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడన్నాను. అయితే సైటు వదిలిపెట్టినట్టే కదా, ఆబ్సెంట్ వేస్తామన్నారు.

యూసుఫ్ కళ్లు తెరిచి, "ఖలాస్ అని చెప్పుండ్రి సార్. లేకుంటే రేపు మళ్ల నన్నే తోలుతరు" అన్నాడు.

మర్నాటి నుంచి ఎవరినీ అడక్కుండా, మనుషుల్ని ఇద్దరిద్దరుగా, నిచ్చెన, గ్యాస్ రెండూ ఉండేలా ఒకే వ్యానులో పంపాను. పనులు చకచకా ముగిశాయి. మేనేజరు సంతోషించి, ఖాళీగా ఉన్న వ్యాన్లను వెనక్కి తీసుకున్నారు. తర్వాత, ఒక వ్యానుకు ఇద్దరు మనుషులెందుకని అప్పలరాజును వేరే బ్రాంచికి పంపేశారు. నిచ్చెన అతని పేరు మీద ఉండడంతో అదీ వెళ్లిపోయింది.

ఇక ఒంటరిగా ఎవరినీ డాబా ఎక్కించనని రాసిచ్చాను. నన్ను స్టోర్సుకు మార్చారు. డిసెంబరులో, ఎవరి ఏసీ కూడా మొరాయించని చలికాలంలో, వ్యానుకు ఇద్దరు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి యూసుఫ్ కంపెనీ వదిలి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ వేసవి నాకు నేర్పింది ఇది. కంపెనీలను కలిపేటప్పుడు ఏ మనిషి అదనమో ఆఫీసులో కూర్చుని తేల్చకూడదు. కనీసం ఒక్క మధ్యాహ్నం ఆ డాబా మీద నిలబడి తేల్చాలి.